మారా నది ఒడ్డున నాలుగు గంటల పది నిమిషాలు

వరలక్ష్మీ వ్రతం అయ్యాకే కెన్యాకు బయల్దేరాలని అమ్మ షరతు పెట్టింది. వ్రతం ఆగస్టు 8 శుక్రవారం వచ్చింది కాబట్టి 2025 ఆగస్టు 9 రాత్రికి టికెట్లు తీశాం. తను మాత్రం రానంది. "సింహాన్ని చూడాలంటే జూపార్కు లేదా? అంత దూరం పోయి లక్షలు పోయాలా?" అని ఒకటే పాట. వెళ్లింది నలుగురం: నేను, మా ఆయన, పదకొండేళ్ల మా పాప, మా నాన్న. నాన్నకు 66. ఆర్టీసీలో 33 ఏళ్లు బస్సు నడిపి ఖమ్మం డిపోలో రిటైరయ్యాడు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, కెన్యాలో మేం జంతువుల్ని చూస్తే ఆయన ఎక్కువగా డ్రైవర్‌నీ, బండినీ, రోడ్లనీ చూశాడు.

ఏప్రిల్ చివర్లో నైరోబీలోని మూడు ట్రావెల్ కంపెనీలకు మెయిల్ పెట్టాను. రెండు రోజుల్లో మూడిటి నుంచీ జవాబులొచ్చాయి. ధరలు చూసి పర్వాలేదనుకున్నాం. అన్నిటి చివరా 'పార్కు ఫీజులు అదనం' అనే లైను మాత్రం చిన్న అక్షరాల్లో ఉంది. ఆ అదనం సంగతి లెక్కేస్తే గానీ తెలియలేదు. మసాయి మారా అనే అభయారణ్యంలో విదేశీ పెద్దవాళ్లకు జనవరి నుంచి జూన్ దాకా మనిషికి రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు. 9 నుంచి 17 ఏళ్ల పిల్లలకు 50. మా నలుగురికీ రోజుకు 650 డాలర్లు. అంటే మన డబ్బుల్లో దాదాపు 57 వేలు, అదీ గేటు దాటినందుకు మాత్రమే. బండి, గది, తిండి అన్నీ వేరే.

పైగా ఆ టికెట్ 24 గంటలకు కాదు. పొద్దున 6 నుంచి సాయంత్రం 6 వరకు మాత్రమే. మాకు ఇచ్చిన ప్లాన్‌లో మారా చేరిన రోజు సాయంత్రం రెండు గంటల 'గేమ్ డ్రైవ్' కూడా ఉంది, అంటే జీపులో తిరుగుతూ జంతువుల్ని చూడటం. ఆ రెండు గంటలకీ పూర్తి రోజు టికెట్ కొనాల్సిందే. దాన్ని తీసేయమన్నాం. సెకెనానీ గేటు బయట క్యాంపు తీసుకుని, ఆ సాయంత్రం ఊరికే కూర్చుని, తర్వాతి రెండు రోజులూ పొద్దున ఆరింటికల్లా గేటు దగ్గర ఉండేలా మార్చుకున్నాం. ఒక్క మెయిల్‌తో 57 వేలు మిగిలాయి. మీరు వెళ్తే ఈ విషయం తప్పకుండా అడగండి.

ముందస్తుగా 30 శాతం పంపాలన్నారు. బ్యాంకులో ఫారం ఏ2 నింపి, పాన్ కార్డు, ఇన్‌వాయిస్ ఇచ్చి రెండుసార్లు తిరిగాక డబ్బు వెళ్లింది. అక్కడికి చేరిందని మెయిల్ రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ మా ఆయన ఆ కంపెనీ ఆఫీసు బిల్డింగును మ్యాప్‌లో పెద్దది చేసి చూస్తూనే ఉన్నాడు.

తర్వాత ఎల్లో ఫీవర్ టీకా. కెన్యాలోకి పోవడం కన్నా, అక్కడి నుంచి తిరిగి మన దేశంలో అడుగు పెట్టడానికే ఇది ముఖ్యం. ఆ పసుపు రంగు కార్డు లేకుండా వస్తే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లుబాటులోకి రాదు కాబట్టి చివరి వారం దాకా ఆగితే కుదరదు. ఒకసారి వేయించుకుంటే మాత్రం జీవితాంతం సరిపోతుంది. గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు, మామూలు ఆసుపత్రుల్లో దొరకదు. మొదటిసారి పదకొండు గంటలకు తీరిగ్గా వెళ్లాం. ఆ రోజుకు అయిపోయిందన్నారు. జూలై 7 సోమవారం తెల్లారకముందే లేచి వెళ్తే పని అయింది.

నాన్న విషయంలోనే భయమేసింది. అరవై దాటినవాళ్లకు ఈ టీకాతో తీవ్రమైన ఇబ్బందులు వచ్చే అవకాశం కాస్త ఎక్కువ. అందుకని మా డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకురమ్మన్నారు. డాక్టరు బీపీ చూసి, మందుల చీటీ చూసి, "మీకు తప్పనిసరిగా వెళ్లాలని ఉందా?" అని నాన్ననే అడిగాడు. నాన్న ఒక్క క్షణం ఆలోచించి, "ఉందండీ" అన్నాడు. అంతకుముందు వరకు మేం లాక్కెళ్తున్నామనే అనుకుంటున్నాను. టీకా తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టారు. అయిదో రోజున నాన్నకు సన్నగా జ్వరం, ఒళ్లునొప్పులు. ఒకటిన్నర రోజులో తగ్గింది. ఆ ఒకటిన్నర రోజు నేను ఆఫీసులో ఏం పని చేశానో నాకే తెలియదు.

కెన్యాకు ఇప్పుడు వీసా లేదు. 2024 జనవరి నుంచి దాని బదులు ఈటీఏ అని ఆన్‌లైన్ అనుమతి. మనిషికి 30 డాలర్లు, పైన కార్డు చార్జీలు. పిల్లలకూ ఉండాలి. పాస్‌పోర్టు, ఫోటో, విమానం టికెట్, హోటల్ బుకింగ్ అప్‌లోడ్ చేయాలి. మా ముగ్గురివీ రెండు రోజుల్లో వచ్చేశాయి. నాన్నది రాలేదు. ఆయన పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. పేరంతా ఒకే చోట ఉంది, మన పెద్దవాళ్లలో చాలామందికి ఇంతే. ఫారం ఆ గడి నింపనిదే ముందుకు పోదు. విమానం టికెట్‌లో చేసినట్టే రెండు చోట్లా అదే పేరు పెట్టాను. దానివల్లే ఆగిందని నాలుగు రోజులు టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే కారణం అది కాదు, నేను తీసిన ఫోటోలో పాస్‌పోర్టు పేజీ మీద ట్యూబ్‌లైట్ మెరుపు పడింది. మళ్లీ పగటి వెలుతురులో తీసి పెడితే మర్నాటికి వచ్చింది.

సామాను సర్దేటప్పుడు పెద్ద గొడవ ప్లాస్టిక్‌తో. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. 2020 జూన్ నుంచి పార్కుల్లోకి వాడి పారేసే నీళ్ల సీసాలు కూడా తీసుకెళ్లకూడదు. అమ్మేమో ఆవకాయను ఒక కవర్లో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, ఆ మొత్తాన్ని మూడో కవర్లో కట్టింది. అవన్నీ విప్పి స్టీలు డబ్బాల్లోకి మార్చి, మూత చుట్టూ పాత కాటన్ గుడ్డ కట్టాం. కందిపొడి బాగానే వచ్చింది. ఆవకాయ నూనె మాత్రం ముంబై చేరేలోపే నాన్న స్వెటర్‌కు అంటింది. వారం రోజులూ మా జీపులో అదే వాసన. సింహాలు ఏమనుకున్నాయో తెలియదు.

ముంబై నుంచి నైరోబీకి ఆరు గంటల పైచిలుకు. ఆగస్టు 10 ఆదివారం దిగాం. గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకోవాలి. బయటకు రాగానే చలి! ఆఫ్రికా అంటే ఎండ అనుకుని పలచని బట్టలు తెచ్చుకున్నాం. నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది, పైగా జూలై, ఆగస్టులు వాళ్లకు చలికాలం. తెల్లవారుజామున జీపులో పైకప్పు ఎత్తి నిలబడితే మా ఊళ్లో సంక్రాంతి చలి ఏపాటిది అనిపించింది. స్వెటర్, మంకీ క్యాప్ తప్పనిసరి. నాన్న ఒక్కడే తెచ్చుకున్నాడు. ఇంకో రెండు చిన్న విషయాలు. అక్కడి ప్లగ్గులకు పలకగా ఉండే మూడు పిన్నులుంటాయి, మనవి పట్టవు. డాలరు నోట్లు కొత్తవే ఉండాలి. మా దగ్గరున్న ఒక పాత వంద నోటును ఎక్కడా తీసుకోలేదు, అలాగే వెనక్కి తెచ్చాం.

మర్నాడు పొద్దున మా డ్రైవరు వచ్చాడు. నలభై దాటిన మనిషి, సన్నగా, మాట తక్కువ. పైకప్పు లేచే ల్యాండ్ క్రూయిజర్. నాన్నను చూసి రెండు చేతులతో చేయి కలిపి "మ్‌జే" అన్నాడు. పెద్దాయన అని. అప్పటి నుంచి వారమంతా అదే పిలుపు. నాన్న నేరుగా వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు, ఎవరూ అడగలేదు. ఆయనకు ఇంగ్లిషు రాదు, అతనికి తెలుగు రాదు. ఓ గంటకు వాళ్లిద్దరికీ ఓ భాష దొరికింది. స్వాహిలీలో బండిని 'గారీ' అంటారు. చాయ్ చాయే, చపాతీ చపాతీయే. దుకాణం 'దుకా', ఇన్సూరెన్సు 'బీమా'. అసలు సఫారీ అన్నా ప్రయాణమనే, మన హైదరాబాదీలు అనే సఫర్ లాంటిదే. నాన్న డ్యాష్‌బోర్డు తట్టి "గాడీ అచ్ఛా" అంటే అతను నవ్వి "గారీ మ్‌జూరీ" లాంటిదేదో అన్నాడు. ఇక చూసుకోండి.

మొదట చూడాల్సిన అంబొసెలీ పార్కు దాకా అయిదు గంటలు. చివరి ముక్క మట్టిరోడ్డు. సిమెంటు రేకు మీద బండి నడిపినట్టు దడదడలాడిపోతుంది, దవడలు కూడా కొట్టుకుంటాయి. గైడ్లు దీన్ని 'ఆఫ్రికన్ మసాజ్' అంటారు. మేం కడ్డీలు పట్టుకుని వేలాడుతుంటే నాన్న మాత్రం మా వైపు తిరిగి, "చూశావా, గతుకుల మీద స్పీడు తగ్గించట్లేదు. తగ్గిస్తే ఇంకా కొడతది. తెలిసినోడే" అన్నాడు. ఆ మాటతో నాకు సగం భయం పోయింది.

అంబొసెలీ అనే పేరు ఉప్పుదుమ్ము అనే మసాయి తెగవాళ్ల మాట నుంచి వచ్చిందట. పేరు సరిగ్గా పెట్టారు. ఆ తెల్లటి దుమ్ము ముక్కులోకి, కెమెరాలోకి, ఆవకాయ డబ్బా మూత సందులోకి కూడా వెళ్లింది. మేం వెళ్లిన 2025 ఆగస్టులో పార్కు ఫీజు పెద్దవాళ్లకు 60 డాలర్లు ఉండేది. అక్కడ నగదు తీసుకోరు, ముందే ఆన్‌లైన్‌లో కట్టాలి, మా కంపెనీవాళ్లే కట్టి పెట్టారు. కిలిమంజారో పర్వతం టాంజానియాలో ఉన్నా దాన్ని చూడటానికి బాగుండేది ఈ కెన్యా వైపే అంటారు. చూడనిస్తే కదా. మొదటి రోజు మొత్తం మబ్బులే. రెండో రోజు పొద్దున 6:25కు అనుకోకుండా పైన, మేం వెతుకుతున్న చోటు కన్నా చాలా పైన, తెల్లటి శిఖరం కనపడింది. 5,895 మీటర్లు. మేమంతా కొండ అంటే కింద చూస్తున్నాం! ఓ ఇరవై నిమిషాలు ఉండి మళ్లీ మూసుకుపోయింది.

అక్కడ నేను బాగా చూసింది ఒక ఏనుగును. కిలిమంజారో నీళ్లు భూమి లోపలి నుంచి వచ్చి పార్కు మధ్యలో చిత్తడి నేలలుగా ఊరుతాయి. ఏనుగులు పొట్ట దాకా అందులో దిగి మేస్తాయి. ఒకటి మాత్రం ఒడ్డున, మాకు పదిహేను అడుగుల దూరంలో ఉంది. తొండంతో గడ్డిని చుట్టి, కాలి గోళ్లతో గడ్డి మొదలు దగ్గర ఒక్క తన్ను తన్ని తెంపుతోంది. తెంపిన కట్టను వెంటనే నోట్లో పెట్టుకోదు. ముందు కాలికి మూడుసార్లు టపటపా కొట్టి మట్టి దులుపుతుంది. వేళ్లకు ఇంకా మట్టి ఉంటే నాలుగోసారి. గోంగూర కట్ట కడిగే ముందు అమ్మ సింకు అంచుకు ఎలా కొడుతుందో అచ్చం అలాగే. మా పాప లెక్కపెట్టింది. పదకొండు కట్టల్లో తొమ్మిదింటికి మూడు దెబ్బలు, రెండింటికి నాలుగు.

13న ఒక రోజంతా రోడ్డు మీదే పోయింది. ఎనిమిది గంటలు, నైరోబీ ట్రాఫిక్‌తో కలిపి. రాత్రికి నైవాషా చేరాం. మర్నాడు పొద్దున సరస్సులో గంటసేపు పడవ. ఏళ్ల తరబడి నీళ్లు పెరిగి ఒడ్డున ఉన్న తుమ్మచెట్లన్నీ మునిగి ఎండిపోయాయి, మోడుల మధ్యనుంచి పడవ పోతుంది. నీటి గుర్రాల గురించి పడవ నడిపే కుర్రాడు చాలా చెప్పాడు గానీ నేను లైఫ్ జాకెట్ బకిల్ పట్టుకుని కూర్చున్నాను, సగం వినలేదు.

14 సాయంత్రం మారా. అనుకున్నట్టే ఆ పూట లోపలికి పోలేదు. క్యాంపులో గుడారాలే గదులు, లోపల మంచం, బాత్‌రూమ్ అన్నీ ఉన్నాయి. కరెంటు సాయంత్రం కొన్ని గంటలే. ఫోన్లన్నీ జీపులోనే చార్జ్ పెట్టుకున్నాం. రాత్రి పక్కలో వేడినీళ్ల సంచి పెట్టారు. నాకు చెప్పలేదు, కాలికి వెచ్చగా మెత్తగా తగిలేసరికి కేక పెట్టాను. పక్క గుడారంలోంచి నాన్న పరిగెత్తుకొచ్చాడు. తిండికి ఇబ్బంది లేదు. చపాతీ, పప్పు, సుకుమా వికీ అనే ఆకుకూర వేపుడు, అన్నం. కందిపొడి ఉండనే ఉంది.

15 పొద్దున 6 గంటలకు సెకెనానీ గేటు దగ్గర మా ముందు పాతిక బండ్లు. ఆ రోజు పంద్రాగస్టు అని ఒక జీపు అద్దానికి చిన్న జెండా కట్టి ఉంది. గుజరాతీ కుటుంబం, రాజ్‌కోట్ వాళ్లు. మాకు తేప్లాలు ఇచ్చారు, మేం కందిపొడి ఇచ్చాం.

ఆ రోజు పదిన్నరకి జరిగింది రాస్తాను. ఎండ ముదిరింది. చుట్టూ చెట్టన్నది లేని గడ్డిమైదానం. దూరంగా ఒక ఆడసింహం నడుచుకుంటూ మా వైపే వస్తోంది. డ్రైవరు ఇంజను ఆపి, చేత్తో కూర్చోమని సైగ చేశాడు. అది మమ్మల్ని చూడలేదు. అంటే చూసింది, లెక్క చేయలేదు. నేరుగా వచ్చి నాన్న కూర్చున్న వైపు, జీపు నీడలో కూలబడింది. దానికి కావలసింది నీడ, అంతే. కిటికీ అద్దం దించి ఉంది. నాన్న మోచేయి కిటికీ మీద ఉంది. 33 ఏళ్ల అలవాటు. ఆ మోచేయిని ఆయన లోపలికి తీసుకోవడానికి ఎంత సమయం తీసుకున్నాడో చెప్పలేను. గడియారంలో గంటల ముల్లు కదిలినట్టు తీశాడు. తర్వాత అద్దం ఎక్కించబోతే డ్రైవరు వద్దని తల ఊపాడు. చప్పుడు చేయొద్దని.

పైనుంచి నాకు దాని వీపు, చెవులు కనపడుతున్నాయి. ఎడమ చెవి అంచు చిరిగి ఉంది. ముఖమంతా ఈగలు. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి, ఎండలో ఉరికొచ్చిన కుక్కలాగే ఆయాసం. ఆ ఊపిరి మాకు వినపడుతోంది. తడి పాత గోనెసంచి లాంటి వాసన. మా పాప నా చేతిని గిచ్చి పట్టుకుంది, గోళ్ల గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి. ఎండ కదిలేకొద్దీ నీడ తగ్గితే అదీ జీపు కిందకి ఇంకాస్త జరిగింది. తల చక్రం వెనక్కి పోయింది. అప్పుడు అసలు భయమేసింది. కనపడుతున్నంతసేపూ బానే ఉంది, కనపడకపోతేనే. ఇరవై రెండు నిమిషాల తర్వాత లేచి, ఒళ్లు విరుచుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. నాన్న మొదట అన్న మాట: "ఇంజను వేడికి కింద ఎట్ల పడుకుందో."

అదే రోజు మధ్యాహ్నం చిరుత తోక ఒకటి చూశాం. దాదాపు రెండు వందల మీటర్ల దూరంలో, చెట్టు కొమ్మకు వేలాడుతూ. మా దగ్గర ఒకటే బైనాక్యులర్. దానికోసం మా ఆయనకూ పాపకూ నిజంగా కొట్లాట అయింది. మనిషికొకటి కాకపోయినా ఇద్దరికొకటైనా ఉండాలి.

ఇక 16. మా ప్రయాణమంతా ఆ రోజు కోసమే. ఆగస్టులో రెండింతల ఫీజు కట్టి మరీ జనం పోయేది దీనికే. టాంజానియాలోని సెరెంగెటీ నుంచి పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు, వాటితో జీబ్రాలు గడ్డి కోసం మారాలోకి వస్తాయి. మధ్యలో మారా నది దాటాలి. నదిలో మొసళ్లు. వైల్డ్‌బీస్ట్‌ను అక్కడ న్యుంబు అంటారు. పిల్లలు బొమ్మ గీస్తే అతుకులు కుదరనట్టుంటుంది. ముందు గేదె, వెనక జింక, గడ్డం మేకది.

గేటు నుంచి నది దాకా దాదాపు రెండు గంటలు. 9:20కి చేరాం. అవతలి ఒడ్డు మీద కాదు, మేమున్న వైపే గట్టు మీద మూడు నాలుగు వేలు ఉంటాయని డ్రైవరు అన్నాడు. మా చుట్టూ ముప్పైకి పైగా జీపులు, గట్టుకు దూరంగా, వెనక్కి నిలబడి ఉన్నాయి. మంద కదలడం మొదలుపెట్టేదాకా ముందుకు పోకూడదన్నది అక్కడి పద్ధతి. ఇంజను ఆపాలి. దిగకూడదు.

మంద ముందు ఒకటి. గట్టు అంచుకు వస్తుంది. నీళ్ల వైపు మెడ చాచి వాసన చూస్తుంది. ఒక కాలు కింద పెడుతుంది. మట్టి జారుతుంది. వెనకున్నవన్నీ గొంతు పెట్టి అరుస్తుంటాయి, వందల కప్పలు ఒకేసారి అరిచినట్టు. అది కాలు వెనక్కి తీసుకుంటుంది. తిరుగుతుంది. దానితోపాటు వెనక వందా తిరుగుతాయి. పది నిమిషాలు మేస్తాయి. మళ్లీ ఇంకోటి ముందుకొస్తుంది. ఇదే. ఇలా ఎనిమిదిసార్లు లెక్కపెట్టాను, తర్వాత మానేశాను. అవతల ఇసుక మీద రెండు మొసళ్లు నోళ్లు తెరుచుకుని దుంగల్లా పడున్నాయి. వాటికేం తొందర లేదు.

పన్నెండు దాటాక నాన్నకు ఇబ్బంది మొదలైంది. బీపీ మాత్రల వల్ల ఆయనకు గంటన్నరకోసారి బాత్‌రూమ్ కావాలి. పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా కూర్చున్నాడని నాకు అప్పుడు తెలిసింది. అడిగితే, "నావల్ల మీరు చూడకుండా పోతారేమోనని" అన్నాడు. కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. డ్రైవరుకు మేం చెప్పక్కర్లేకపోయింది. బండి వెనక్కి తీసి, కిలోమీటరు దూరంలో అన్ని వైపులా కనపడే బోడి నేల మీద ఆపి, బైనాక్యులర్‌తో చుట్టూ ఒకసారి చూసి, ముందు తను దిగి, "మ్‌జే" అని తలుపు తీశాడు. బండి వెనక చక్రం చాటున. నాన్న వచ్చి కూర్చుని నవ్వుతున్నాడు. "భద్రాచలం నైట్ సర్వీసులో ప్యాసింజర్లకు నేను ఇట్లనే ఆపేటోణ్ని, ఇల్లెందు దాటినంక" అన్నాడు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ విషయం ముందే మాట్లాడుకోండి. నది దగ్గర బాత్‌రూములు లేవు. మగవాళ్లకు చక్రం చాటు, ఆడవాళ్లకూ అదే, మధ్యలో చున్నీ. పరువు గురించి ఆలోచిస్తే నీళ్లు మానేయాల్సి వస్తుంది, ఆ ఎండలో అది ఇంకా ప్రమాదం.

మళ్లీ వచ్చి నిలబడ్డాం. 1:20 ప్రాంతంలో మంద మొత్తం కదిలింది. ఈసారి తేడా కనపడింది, వెనకనుంచి దుమ్ము లేచింది. ముందు జీబ్రాలు దిగాయి. ఏడు. తర్వాత వైల్డ్‌బీస్ట్‌లు పదో పదిహేనో నీళ్లలోకి దూకాయి. అంతా నిలబడి కెమెరాలు ఎత్తారు. సరిగ్గా అప్పుడు ఒక జీపు, ఎవరిదో తెలియదు, వరసలోంచి బయటికొచ్చి మంచి చోటు కోసం గట్టు అంచు వైపు ఉరికింది. మంద ఆగిపోయింది. ఒక్క క్షణం. తర్వాత మొత్తం వెనక్కి తిరిగింది. నీళ్లలో ఉన్నవి అవతలికి ఈదుకుంటూ పోయాయి. మిగిలిన వేలన్నీ మైదానంలోకి. నీళ్లలోకి దిగినవాటిలో ఒకటి మాత్రం మధ్యలోంచి వెనక్కి తిరిగి, జారే గట్టు మూడుసార్లు ఎక్కలేక, నాలుగోసారి ఎక్కి, తనవాళ్ల వైపు పరుగెత్తింది. చుట్టూ ఉన్న జీపుల్లోంచి ఆరేడు భాషల్లో తిట్లు. మా నాన్న తెలుగులో తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. ఆర్టీసీలో అయితే చార్జిషీటే అన్నాడు.

1:30కి అంతా సద్దుమణిగింది. నాలుగు గంటల పది నిమిషాలకు ఏడు జీబ్రాలు, గుప్పెడు వైల్డ్‌బీస్ట్‌లు. సాయంత్రం 6 లోపు గేటు బయట ఉండాలి కాబట్టి ఇంకో రెండు గంటలు చూసి 3:30కి వెనుదిరిగాం. మా ఆయన ఏమీ మాట్లాడలేదు. నేను మనసులో డాలర్లను రూపాయల్లోకి మారుస్తూ కూర్చున్నాను. తప్పని తెలుసు, ఆగలేదు. పాప మాత్రం వెనక్కి పోయిన ఆ ఒక్కదాని గురించే అడుగుతోంది, అది రేపు మళ్లీ ట్రై చేస్తుందా అని.

17న నైరోబీ, ఎయిర్‌పోర్టు. డ్రైవరుకు టిప్పు రోజుకు 15 డాలర్ల లెక్కన కవర్లో పెట్టి ఇచ్చాం. నాన్న విడిగా తన మంకీ క్యాప్ ఇచ్చాడు. వద్దన్నా వినలేదు.

18 తెల్లవారుజామున ముంబైలో ఆరోగ్య శాఖ డెస్కు దగ్గర పసుపు కార్డులు అడిగారు. మావి మూడూ నేను సూట్‌కేసులో పెట్టేశాను. సూట్‌కేసులేమో బెల్టు మీద, ఇమిగ్రేషన్ అవతల. నాకు కాళ్లు చల్లబడ్డాయి. నాన్న ఒక్కడే చొక్కా జేబులోంచి తన కార్డు తీశాడు, దాని వెనకే మావి మూడు కూడా. "నువ్వు పెట్టెలో పడేస్తుంటే తీసి పెట్టిన. కాగితాలు ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలె" అన్నాడు.

మొత్తం ఖర్చు నలుగురికీ 7,93,000. మేం వేసుకున్న లెక్క ఆరు లక్షలు. విమానాలకు 1,92,000, కంపెనీకి పార్కు ఫీజులతో కలిపి దాదాపు అయిదున్నర లక్షలు, మిగతావి ఈటీఏలు, టీకాలు, ఇన్సూరెన్సు, టిప్పులు, చిల్లర. మళ్లీ వెళ్తే అంబొసెలీలో ఒక రోజు తగ్గించి మారాలో పెంచుతాను, లేదంటే సగం ఫీజుండే ఫిబ్రవరిలో వెళ్లి నది సంగతి మర్చిపోతాను. నాకు రెండోదే నచ్చుతోంది.

20న డ్రైవరు వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. 47 సెకన్లు. అదే గట్టు, అదే మలుపు, మేం వచ్చేసిన రెండో రోజు. వేల వైల్డ్‌బీస్ట్‌లు ఒకదాని మీద ఒకటి దూకుతున్నాయి, నది కనపడటం లేదు. కింద 'మ్‌జే కోసం' అని రాశాడు. నాన్నకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, వీడియో మధ్యలో ఆపమని, తెర మూలన వేలు పెట్టాడు.

"చూడు, బండి ఎక్కడ ఆపిండో. గట్టుకు ఎంత దూరంలో ఉన్నడో చూడు."